నాలుగుంపావు గడి

"అత్తయ్యా, అక్కని ఆ గరిటె ఇటివ్వమనండి," అంది చిన్నకోడలు.

గరిటె పెద్దకోడలి చేతికి జానెడు దూరంలో ఉంది. పెద్దకోడలు చిన్నకోడలికి మూరెడు దూరంలో ఉంది. మోకాళ్ళ నొప్పుల అత్తగారు ఇద్దరికీ దూరంగా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అయినా ఆ గరిటె ఆవిడ మీదుగానే వెళ్ళాలట.

"నాలుగు రోజులైంది," అంది ఆవిడ. "నాలుగు రోజులుగా మీ ఇద్దరి నడుమా తపాలా బంట్రోతు పని చేస్తున్నాను. జీతం లేదు, సెలవు లేదు."

ఇంకో రోజైతే కోడళ్ళిద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇప్పుడు పెద్దకోడలు గరిటె తీసి గట్టు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నకోడలు అందుకుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది గాని, ఈ ఇంటి సంగతి వేరు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో, ఒకే పురుళ్ళ వార్డులో నర్సులు. పెద్దామెది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ట్రెయినింగుకి వచ్చిన చిన్నదానికి సూది పట్టుకోవడం నేర్పింది ఆమె. పిల్ల నెమ్మదస్తురాలు, హస్తవాసి మంచిదని చూసి ఏరికోరి తన మరిదికిచ్చి చేయించిందీ ఆమే. డ్యూటీకి కలిసి వెళ్ళేవాళ్ళు, కలిసి వచ్చేవాళ్ళు, వచ్చాక కూడా మంచాలూ మందులూ చెప్పుకుంటూ అందరి చెవులూ చిల్లులు పడేలా వాగేవాళ్ళు.

ఆ వాగుడంతా ఆగిపోవడానికి కారణం ఒక కాగితం. వార్డులో కాన్పయిన ఒకామె రెండున్నర గంటల్లో ప్రాణం వదిలి ఆరువారాలైంది. ఎలా పోయిందో తేల్చడానికి విచారణ పెట్టారు. ఇద్దరినీ సాక్షులుగా రమ్మన్నారు. సాక్షులు తాము చెప్పబోయేది ముందుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని ఆ కాగితంలో రాసి ఉంది.

వాంగ్మూలం గురించి మాట్లాడవద్దంటే, పెద్దకోడలు మాటే మానేసింది. ఉప్పు అందుకోమని మొదలుపెట్టినా మాట ఆ మధ్యాహ్నం మీదికే పోతుందని ఆమెకు తెలుసు. రెండుసార్లు అలా పోబోయింది కూడా.

అత్తగారికి ఈ వివరణ రుచించలేదు. కాగితం చెప్పిందని తోడికోడలితో మాట్లాడకపోవడం తన జన్మలో వినలేదని, ఇది పైకి చెప్పే సాకేనని, లోపల ఏదో ఉందని తేల్చేసింది. ఏభై ఏళ్ళ కాపురం చేసిన మనిషికి కళ్ళు కప్పలేరని కూడా అంది.

"అదేమైనా నీ మీద చెప్పిందా?" అని సూటిగా పెద్దకోడలినే అడిగింది.

చిన్నకోడలి చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి మోగింది. పొయ్యి మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

"చూశావా," అంది అత్తగారు.

"మీకు దండం పెడతాను అత్తయ్యా, దాన్ని వదిలెయ్యండి. ఎల్లుండితో అయిపోతుంది."

ఎల్లుండితో అయిపోతుందని ఆమె కూడా నమ్మలేదు. గిన్నెలు కడగడానికి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులోంచి ఆ గొంతు వచ్చింది. రోజూ వస్తోంది. కుళాయిలోంచి, ఫ్యానులోంచి, బస్సు ఇంజనులోంచి.

చలిగా ఉంది సిస్టర్.

గొంతు సన్నగా, కాస్త సిగ్గుగా ఉంటుంది. చెప్పడమే తప్పేమో అన్నట్టు చెప్పింది ఆ పోయినావిడ. పెద్దకోడలికి ఆ మాట గుర్తుంది, దుప్పటి ఇప్పిస్తాను ఉండమ్మా అని తను నడుస్తూ నడుస్తూ అన్నదీ గుర్తుంది. అది ఎన్ని గంటలకన్నదో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. కాన్పు తర్వాత చలి అందరికీ వేస్తుంది, వెంటనే వేస్తే దానికి అర్థం లేదు. గంట గడిచాక వేస్తే అర్థం ఉంది. ఆ అర్థం వార్డులో ఆయాకి కూడా తెలుసు. లోపల రక్తం పోతోందని.

కుళాయి కట్టేసింది. గొంతు కూడా ఆగింది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

*

ఆ రోజు మధ్యాహ్నం పెద్దకోడలు పెద్దమేడం ఇంటికి వెళ్ళింది. పెద్దమేడం ఒకప్పుడు అదే ఆసుపత్రిలో నర్సులందరికీ పైఅధికారి. రిటైరై పదేళ్ళు. సర్వీసులో ఉండగా మూడు విచారణల్లో సాక్ష్యం చెప్పింది కాబట్టి, ఇలాంటి నోటీసు అందుకున్న ప్రతి నర్సూ ముందు ఆవిడ ముందుగది బల్ల దగ్గరికే పరిగెడుతుంది. ఆవిడ ఎవర్నీ ఓదార్చదు. నిటారు వీపున్న కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెడుతుంది.

"ఏ రోజు, ఏ డ్యూటీ, వార్డులో ఎందరు?"

"రెండు నించి ఎనిమిది డ్యూటీ మేడం. మంచాలు పధ్నాలుగు, అన్నీ నిండి ఉన్నాయి. మేమిద్దరమే. పదకొండో మంచం కాన్పు మూడూ ఇరవైకి..."

"మంచం పురుడు పోసుకుందా?"

పెద్దకోడలు నాలుక కరుచుకుంది.

"విచారణలో వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంటుంది," అంది పెద్దమేడం. "కూతుర్ని పదకొండో మంచం అంటే ఆవిడ గుండె ఏమవుతుంది? పేరు చెప్పు."

పేరు కోసం కేస్‌షీట్ నకలు చూడవలసి వచ్చింది. ఆరువారాలుగా రోజూ తన వెంట తిరుగుతున్న మనిషి పేరు కోసం. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పేరు పైకి చదివింది. మళ్ళీ చదవమంది మేడం. మూడోసారికి కాగితం చూడకుండా చెప్పగలిగింది.

ఆవిడ నేర్పేదంతా పైకి చిన్న విషయాల్లాగే ఉంటుంది. కేస్‌షీట్‌లో రాసినది పదిసార్లు చదువు గాని బట్టీ పట్టకు, చిలక పలుకుల్ని ఎవరూ నమ్మరు. అడిగిన దానికే చెప్పు, అడగనిదానికి తోక తగిలించకు. ప్రశ్న ఎవరు వేసినా జవాబు విచారణాధికారి వైపు తిరిగి చెప్పు. వార్డు భాష వాడకు. తెలియనిది తెలియదను, ఊహించి మాత్రం చెప్పకు. ఏడుపొస్తే ఆగి నీళ్ళు తాగు, ఏడవడం నేరం కాదు. అన్నిటికంటే ముందు ఒకటి గుర్తుంచుకో, అది నిన్ను శిక్షించే కోర్టు కాదు. ఆవిడ ఎలా చనిపోయిందో తెలుసుకోవడానికి కూర్చుంటారు.

"వాళ్ళమ్మ కూడా ప్రశ్నలు అడగొచ్చు. మా అమ్మాయి నీతో ఆఖరున ఏమంది అని అడిగితే ఏం చెబుతావు?"

"చలిగా ఉందంది మేడం."

"ఎన్నింటికి?"

"గుర్తు లేదు."

పెద్దమేడం ఆమె మొహం చూసి, ఆ ప్రశ్న వదిలేసి కేస్‌షీట్ తన వైపు లాక్కుంది. కాన్పయిన తల్లిని పావుగంట కోసారి చూడాలి. నాడి, బీపీ, గర్భసంచి గట్టిపడిందా, రక్తం ఎంత పోతోంది. చూసిన ప్రతిసారీ ఒక వరస గళ్ళు నింపాలి. మూడున్నర వరస, మూడుముప్పావు వరస, నాలుగు వరస, నాలుగుంపావు వరస, అన్నీ నిండి ఉన్నాయి. నాలుగున్నర దగ్గర అంకెలు మారాయి. అప్పటికే పక్క తడిసిపోయి ఉంది. అక్కణ్ణించి డాక్టరూ, రక్తం సీసాలూ, ఆరింటికి తక్కువ పది దగ్గర ఒక అడ్డగీత.

"నాలుగుంపావు గళ్ళు నాలుగింటి గళ్ళకి కవల పిల్లల్లా ఉన్నాయే," అంది మేడం. "అదే నాడి, అదే బీపీ."

"కొందరికి మారవు మేడం."

"మారవు," అని ఒప్పుకుంది ఆవిడ. "ఆ రోజు ఎవరెవరికి ఎప్పుడు కాన్పయిందో రాసుకుని రమ్మన్నానే, తెచ్చావా?"

తెచ్చింది. కాన్పుల రిజిస్టరు ముందు పెట్టుకుని, మనసు ఎక్కడో పెట్టుకుని, వరసగా ఎత్తి రాసుకొచ్చింది. పని ఎంత ఉందో విచారణలో చెప్పడానికి పనికొస్తుందని మేడం అడిగింది. ఆవిడ ఆ జాబితాని కేస్‌షీట్ పక్కన పెట్టి, ఒక వరస మీద వేలు ఆనించి అక్కడే ఉంచింది.

తొమ్మిదో మంచం, మగబిడ్డ, నాలుగూ పదిహేడు. కాన్పు చేసినవారు అన్న చోట పెద్దకోడలి సంతకం.

నాలుగుంపావుకి ఆమె చేతుల్లో ఒక బిడ్డ తల ఉంది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. తెర అవతల ఇంకో మనిషి నాడి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

ఎప్పుడు రాసిందో అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఏడింటికి. శవాన్ని పంపేశాక బల్ల దగ్గర కాగితాలు సర్దుతుంటే ఒక వరస ఖాళీగా కనబడింది. ఖాళీ గడి కనబడితే నర్సు చెయ్యి ఊరుకోదు. పై గడి చూసి కింద గడి నింపేసింది. దొంగతనంగా కాదు, ఆలోచించి కాదు, ఇంటికి తాళం వేసినట్టు వేసేసింది. వేశామో లేదో వీధి చివరికెళ్ళాక గుర్తుండదు చూడండి, అలా. వార్డుకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ ఇరవై రెండేళ్ళుగా తను చెప్పే మొదటి పాఠం కూడా అదే. గడి ఖాళీ ఉంచకండమ్మా, మాట పడతారు.

"నేను చూడలేదు మేడం," అంది. "నాలుగు నించి నాలుగున్నర దాకా ఆవిణ్ణి నేను చూడలేదు."

పెద్దమేడం జాబితాని మడిచి ఆమె చేతిలో పెట్టింది. "వాళ్ళ దగ్గర కేస్‌షీట్ ఒక్కటే ఉంది. రిజిస్టరు అడగలేదు."

"అంటే?"

"అంటే ఏమీ లేదు. ఉన్నమాట చెప్పాను. ఎలా మాట్లాడాలో నేర్పుతాను, ఏం మాట్లాడాలో నేర్పను. నేర్పితే నేనూ ఆ గడి నింపినట్టే." ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. "నా మూడో విచారణలో నాకూ ఒక గడి ఉంది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళైంది. ఆసుపత్రి నన్ను మెచ్చుకుని పంపింది. ఆ కేసులో పోయిన పిల్లాడి తల్లి నాకు చేతులు జోడించి మరీ వెళ్ళింది."

ఇంకేం చెబుతుందోనని పెద్దకోడలు చూసింది. ఆవిడ లేచి వీధి తలుపు తీసింది.

*

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన బడిలో లెక్కల మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ అంతా విని, ఎర్ర కలం కింద పెట్టి, నాలుగింటికి చూడడం నిజమే కదా అన్నాడు. నాలుగున్నరకి చూడడమూ నిజమే. మధ్యలో అరగంట. ఆ అరగంటలో చూసి ఉంటే ఆవిడ బతికేదని ఎవరైనా రాసిస్తారా అని అడిగాడు.

"ఎవరూ రాసివ్వరు."

"మరింకేం? బతికున్నవాళ్ళ సంగతి చూడు. పోయినావిడ ఎలాగూ పోయింది."

ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళలో ఆమె డ్యూటీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం మూతపెట్టి ఉంచిన మనిషి. ఆమె తరఫున మాట్లాడుతున్నాననే అనుకున్నాడు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

"ఆ అరగంటలోనే ఆవిడ చలిగా ఉందందండీ," అంది ఆమె. "నేను తెర పక్కనించి కత్తెర కోసం వెళుతూ విన్నాను. ఇవాళే గుర్తొచ్చింది. కత్తెర చేతికి రాగానే మర్చిపోయాను."

మాస్టారు మళ్ళీ కలం తీసుకున్నాడు. దిద్దిన పేపరునే మళ్ళీ మొదటి నుంచి దిద్దాడు.

ఆమె మాత్రం అప్పటికే నిశ్చయించుకుంది. ఆ గడి సంగతి తనే చెప్పాలి. అడిగినా, అడగకపోయినా. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ముందు వరసలో కూర్చునే ఆ తల్లికి నాలుగుంపావుకి తన కూతురు బాగానే ఉందన్న అబద్ధం మిగలకూడదు. ఆ మాట అనుకున్నాక ఆరువారాలుగా ఛాతీ మీద కూర్చున్న బరువు కాస్త కదిలినట్టయింది. మర్నాడు పొద్దున్న టీ కూడా రుచిగా ఉందనిపించింది. అత్తగారు ఆమె మొహం చూసి, తపాలా ఉద్యోగానికి రాజీనామా చెయ్యొచ్చా అని అడిగితే నవ్వు కూడా వచ్చింది.

*

విచారణకు ముందురోజు మధ్యాహ్నం మేడ మీద దండెం నుంచి ఉతికిన బట్టలు తీస్తుంటే, చిన్నకోడలు మెట్లెక్కి వచ్చింది. వచ్చి దిగిపోలేదు. ఎండలో చెప్పుల్లేకుండా నిలబడింది.

"అక్కా."

పెద్దకోడలు వేలు పెదవుల మీద పెట్టుకుంది. రేపటిదాకా, అని సైగ చేసింది.

"రేపటికి పనికిరాదు," అంది చిన్నకోడలు. "నేను వాంగ్మూలం రాసిచ్చేశాను. వారమైంది."

అందులో ఏముందో చెప్పవద్దని పెద్దకోడలు అనబోయింది. మాట బయటికి వచ్చేలోగానే చిన్నది చెప్పేసింది. ఆసుపత్రి ఆఫీసుగదిలో కూర్చోబెట్టి, కేస్‌షీట్ ముందు పెట్టి, గంటల వారీగా ఏం జరిగిందో రాయమన్నారట. నాలుగుంపావు దగ్గరికి వచ్చేసరికి ఆ గళ్ళలో అక్క చేతిరాత కనబడిందట.

"ఆ టైముకి నువ్వు ఆవిడ దగ్గర నిలబడి నాడి చూస్తున్నావని రాశాను. నా కళ్ళతో చూశానని రాశాను. సంతకం పెట్టాను."

తీసిన బట్టలు పెద్దకోడలి చేతుల్లోంచి జారి గచ్చు మీద పడ్డాయి.

"నేను అక్కడ లేను," అంది నెమ్మదిగా.

"తెలుసు. తొమ్మిదో మంచం దగ్గర నీకెదురుగా బిడ్డని పట్టుకుంది నేనే కదా. నువ్వు కత్తెర కోసం వెళ్ళి వచ్చింది కూడా చూశాను." చిన్నకోడలు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించేంత నిబ్బరంగా ఉంది. "నువ్వు రాశావు గదా అని, దానికి సరిపడేలా నేనూ రాశాను. నీ మీదికి మాట రాకూడదనుకున్నాను. ఆ తర్వాత రెండు రోజులకే నువ్వు మాట్లాడటం మానేశావు. కాగితం కోసం కాదేమో, నేను రాసింది తెలిసి అసహ్యించుకుంటున్నావేమో అనుకున్నాను."

"నాకెలా తెలుస్తుందే పిచ్చిదానా."

"తెలియదని పొద్దున్న నీ మొహం చూస్తే అర్థమైంది. తేలిగ్గా ఉన్నావు." చిన్నకోడలు ఒక అడుగు ముందుకు వేసింది. "నువ్వు నిజం చెప్పేస్తావు కదా."

పెద్దకోడలు ఆమె కళ్ళలోకి చూసింది. చెప్పనక్కర లేకపోయింది.

"సాక్షుల జాబితాలో నా పేరు ముందుంది. ప్రమాణం చేయించి, ఈ రాసింది నీ మాటేనా అని అడుగుతారు. నా ఉద్యోగం పర్మనెంటయి నెల కూడా కాలేదు. ఔననమంటావా, కాదనమంటావా?"

కాదనమంటే సాక్షికి మాట నేర్పినట్టు. దాని ఉద్యోగం తన చేత్తో తుడిచేసినట్టు కూడా. ఔననమంటే ప్రమాణం చేయించి మరీ దానిచేత అబద్ధం ఆడించినట్టు. ఊరుకుంటే ఔననే అంటుంది, ఈ పిల్ల తీరు తనకు తెలియనిది కాదు. ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళేది తను. తను నిజం చెప్పిన మరుక్షణం అందరి ముందూ ఇది దొంగసాక్షి అవుతుంది, తన సాక్ష్యంతోనే.

ఇన్నాళ్ళూ లేబర్ రూములో అది ఏది అడిగినా తను తల తిప్పకుండానే జవాబు చెప్పేది. ఎంత మందు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు డాక్టరుని పిలవాలి. ఇప్పుడు వంగి గచ్చు మీద పడ్డ బట్టలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"చెప్పక్కా," అంది చిన్నకోడలు. "నువ్వేం రాయమంటే అదే కదా ఇన్నాళ్ళూ రాశాను."